తెల్లవారుజాము ఏ తేదీది

లైబ్రరీ సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజున నా డైరీలో మూడు పంక్తులే ఉన్నాయి. వాన లేదు. కరెంటు రెండుసార్లు పోయింది. మొత్తం క్లిప్పులు పదకొండు వేల నాలుగు వందల ఆరు. ఆ సంఖ్యను రెండుసార్లు సరిచూసుకుని రాశాను.

అనంతపురంలో పెళ్లిళ్ల వీడియోలు తీసే స్టూడియో అది. పదిహేడేళ్లుగా అక్కడ రికార్డులు చూస్తున్నాను. కెమెరా పట్టను. తీసి తెచ్చిన కార్డులను డిస్కులోకి ఎక్కించడం, ఏ క్లిప్పు ఏ పెళ్లిదో గుర్తుపెట్టడం, ఎవరైనా అడిగితే వెతికి ఇవ్వడం నా పని. క్లిప్పులు చేయి దాటిపోయేంత పెరిగాక, ఆ వెతుకులాటకే ఈ సాఫ్ట్‌వేర్ తెచ్చారు.

దానికి సెట్టింగుల బొత్తాలు లేవు. మొదలయ్యేటప్పుడు ఒక చిన్న ఫైలు చదువుకుంటుంది. అందులోని పంక్తులను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు. ఎడమవైపు పేరు, మధ్యలో సమానం గుర్తు, కుడివైపు మనం చెప్పవలసిన మాట. అసలు వీడియోలు ఏ డిస్కులో ఉన్నాయి, చూసుకోవడానికి తయారయ్యే చిన్న నకళ్లు ఎక్కడ ఉండాలి, నకళ్లలో శబ్దం ఉండాలా అక్కర్లేదా, అన్నీ అక్కడే. చోటు కలిసివస్తుందని శబ్దం వద్దని రాశాను. నకళ్లకు మూలనున్న పాత డిస్కు చూపించాను. అర్థం కాని రెండు పంక్తులు ఖాళీగా వదిలాను. ఖాళీగా వదిలితే ఆ సాఫ్ట్‌వేర్ మనల్ని అడగదు. తనకు తోచింది తీసుకుంటుంది.

ఏడాదిన్నర బాగానే నడిచింది. తేదీ చెబితే పెళ్లి దొరికేది.

పోయిన వేసవిలో డిస్కు నిండిపోవడంతో ఆ ఫైలు మళ్లీ తెరిచాను. ఖాళీ పంక్తుల్లో ఒకటి, ఏ దేశపు గడియారం పాటించాలో చెప్పేది. చెప్పలేదు కనుక సాఫ్ట్‌వేర్ లండన్ వైపు కాలాన్నే పట్టుకుని కూర్చుంది. తెల్లవారుజామున నాలుగూ నలభైకి తీసిన ముహూర్తం, ముందురోజు రాత్రి పదకొండూ పదిగా నమోదై ఉంది. ఐదున్నర గంటల తేడా. ఏడాదిన్నరగా తప్పు తేదీలు నా కళ్ల ముందే ఉన్నాయన్నమాట. సిగ్గేసింది.

యజమాని నాకన్నా పదేళ్లు చిన్నవాడు. వెనుక నిలబడి చూసి అన్నాడు. "నడుస్తాండాది గదక్కా. దాని జోలికి ఎందుకు పోతావు?"

"నడవడం వేరు, సరిగ్గా ఉండడం వేరు" అన్నాను.

మన దేశపు కాలం రాశాను. రెండో ఖాళీ పంక్తి, నా పుస్తకంలోంచి ఎక్కించిన ఏ బుకింగు తేదీకీ అతకని క్లిప్పులను ఎన్ని రోజులు ఉంచాలన్నది. పొరపాటున నొక్కినవీ, కెమెరామన్ కాలిబొటనవేలు తీసినవీ పోతే చోటు మిగులుతుందని, ముప్పై అని రాశాను. ఆపి, మళ్లీ నడిపించాను. తేదీలన్నీ సరిచేశానని డైరీలో రాసి, కింద గీత గీశాను.

ముప్పై రోజులు గడిచాయి. ఎవరూ ఏమీ అడగలేదు. కూర్చి ఇచ్చిన పెళ్లి సినిమాలు ఇళ్లకు చేరిపోయాక, ముడి క్లిప్పుల కోసం ఎవరు వస్తారు?

ఆషాఢంలో పని లేక కూర్చున్న రోజుల్లో, కంబదూరు దగ్గరి పల్లె నుంచి ఒకాయన వచ్చాడు. అరవై దాటిన వేరుశనగ రైతు. ముందు సంవత్సరం ఆయన కూతురి పెళ్లి మేమే తీశాం. ఆ తర్వాత ఆయన భార్య పోయింది. ఏడూడు, అంటే ఆమె ఏడాది కర్మ, దగ్గరపడింది. గోడకు పెట్టుకోవడానికి ఆమె ఫోటో కావాలి.

"ఇంట్లో ఒక్కటీ లేదా అన్నా?"

"ఆధార్ కార్డులో ఉండేది ఒకటే. దాంట్లో ఉండేది ఆమె కాదమ్మా. పోలీసోళ్లు పట్టకచ్చిన మనిషి మాదిరి ఉండాది."

"మేమిచ్చిన సినిమాలో?"

"దాంట్లో ఆమెవి ఉత్త చేతులే. అల్లుని కాళ్లు కడిగేటప్పుడు చెంబు పట్టుకున్న చేతులు, పైన మీ పాట. ఆ పొద్దు నవ్వింది మా యింటామె. మీ కెమెరా ఎదురుగానే ఉన్న్యాది. నేను చూసినా."

తేదీ అడిగాను. బుధవారం రాత్రి పెండ్లి అన్నాడు. నా బుకింగు పుస్తకంలోనూ నా చేతిరాతతో బుధవారమే ఉంది. వెతికాను. విడిది ఉంది, భోజనాలు ఉన్నాయి, ఎదురుకోలు ఉంది. రాత్రి పన్నెండుతో అంతా ఆగిపోయింది. ముహూర్తం లేదు.

అప్పుడు అర్థమైంది. మా వైపు రోజు పుట్టేది అర్ధరాత్రి కాదు, పొద్దు పొడుపుతో. పెళ్లిపత్రికలోనూ బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం అనే అచ్చు వేస్తారు. జనానికి అది బుధవారమే. లండన్ అర్ధరాత్రి మనకు ఉదయం ఐదున్నర. ఆ తప్పు గడియారం, తనకు తెలియకుండానే, ఇంచుమించు మా పొద్దు పొడుపు దగ్గరే రోజును కోస్తూ వచ్చింది. నేను సరిచేసిన గడియారం తెల్లవారుజాములన్నిటినీ వాటి రాత్రుల నుంచి విడదీసి, బుకింగు లేని గురువారాల్లో, ఆదివారాల్లో పడేసింది. ముప్పై రోజుల తర్వాత, నేను రాసిన పంక్తి ప్రకారమే, తుడిచేసింది. లెక్కపెట్టాను. ముప్పై ఒక్క పెళ్లిళ్ల ముహూర్తాలు.

యజమానికి చెప్పాను. "సరిగ్గా పెట్టి చెడగొట్టినావు గదక్కా" అన్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్న రైతు దగ్గరికి వెళ్లి, క్లిప్పు లేదని చెప్పాను.

"మిషనీలు గదా తల్లీ, అప్పుడప్పుడు అట్లే చేస్తాయి."

"మిషను కాదన్నా. నేనే చేశాను."

ఆయన తల పైకెత్తి నన్నొకసారి చూసి, తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "బస్సు సాయంత్రానికి గాని లేదు. ఈడనే కూచ్చుంటా" అన్నాడు.

ఆ మాటతో లోపలికి వచ్చి, ఎందుకో మళ్లీ ఆ ఫైలే తెరిచాను. తుడిచే పంక్తి అసలు వీడియోల డిస్కును మాత్రమే ఎరుగును. నకళ్లున్న పాత డిస్కు సంగతి దానికి నేను చెప్పలేదు. చెప్పకపోవడం కూడా నా లోపమే, ఈసారి పనికొచ్చిన లోపం. పాత డిస్కులో నకళ్లు అలాగే ఉన్నాయి. పేర్లు లేవు, పొడవాటి అంకెలు మాత్రమే. ఒక్కొక్కటే తెరుస్తూ పోయాను. ఎవరెవరివో తలంబ్రాలు, ఎవరెవరివో అప్పగింతలు. మధ్యాహ్నం అన్నం తినలేదు. రెండు వందల పద్నాలుగోది తెరిచేసరికి, పీట దగ్గర వంగి కూర్చున్న ఆయన కనిపించాడు.

పిలిచాను. వచ్చి నా కుర్చీ వెనుక నిలబడ్డాడు. తెర మీద బొమ్మ పోస్టుకార్డంత. ఆమె చెంబు వంచింది. నీళ్లు ఒక్కసారిగా పళ్లెంలోకి పడి బయటికి చిందాయి. ఆయన తలెత్తి ఏదో అన్నాడు. ఆమె ఏదో బదులు చెప్పి, కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వింది.

"శబ్దం పెట్టు తల్లీ."

"లేదన్నా. ఈ నకలుకు శబ్దం లేదు."

అదీ నేనే వద్దన్నానని చెప్పాను. ఆయన ఇంకోసారి వేయమన్నాడు. వేశాను.

"ఈడ నేను తిడ్తాండా. మెల్లగా పోయవే, నీళ్లన్నీ దండగ చేస్తివి అని."

"ఆమె ఏమన్నది?"

"కూతురు పెండ్లిలో గూడా లెక్కేనా నీకు, అనింది."

నాలుగోసారి చూశాక, ఆ నవ్వు దగ్గర ఆపమన్నాడు. పెద్దది చేస్తే ముఖం మసకబారుతుందని ముందే చెప్పాను. "నాకు కండ్లు యాడ బాగుండాయిలే" అన్నాడు. అరచేతి కన్నా కొంచెం పెద్దగా అచ్చు తీశాను. కింద తేదీ వేయాలా అని అడిగాను.

"వెయ్యి. బుధవారం."

గడియారం ప్రకారం ఆ నవ్వు గురువారం ఉదయం నాలుగూ యాభై రెండుది. బుధవారం అనే టైపు చేసి ఇచ్చాను. ఆయన దాన్ని తువ్వాలులో చుట్టుకుని బస్సుకు వెళ్లాడు.

తుడిచే పంక్తిని ఖాళీ చేశాను. మిగతా ముప్పై పెళ్లిళ్ల నకళ్లు ఏ అంకెల వెనుక ఉన్నాయో రోజుకు కొన్ని చొప్పున చూసి రాసుకుంటున్నాను. ఈరోజుకు పదకొండు తేలాయి. వాన లేదు.