కొత్త సైలెన్సర్ విప్పేసిన ఆదివారం

మా నాన్నకి చెవుడు మొదలైందన్న సంగతి ఇంట్లో ఇంతమందిమి ఉండి ఒక్కరం కూడా పట్టుకోలేకపోయాం. దానికి సగం కారణం మా అమ్మ నోట్లో ఎప్పుడూ నానే మాట: "మీ నాన్న ఎవరి మాటా వినిపించుకోరు." మేమూ అదే ఖాయం చేసుకున్నాం. వినిపించుకోని మనిషి వేరు, వినపడని మనిషి వేరు అని మా బుర్రలకి తట్టలేదు. నాదైతే మరీ మట్టిబుర్ర.

ఆయన గన్నవరం అవతల ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. పటమట నుంచి రోజూ మోటారు సైకిల్ మీద వెళ్ళొచ్చేవారు. డెబ్బైల్లో మా వీధి మొత్తానికి ఉన్నవి రెండు బళ్ళు. అందులో ఒకటి మాదని ఆయనకి లోపల గర్వం. కానీ ఏడాదిగా నడపడం పాడైంది. రామవరప్పాడు దాటేదాకా సెకండ్ గేర్లోనే లాగించేవారు. ఇంజను గగ్గోలు పెడుతున్నా గేరు మార్చరు. "పరధ్యానం ఎక్కువైపోయింది. బండి మానేసి బస్సులో వెళ్ళండి" అని అమ్మ పోరు పెట్టేది. ఆయన నవ్వేసి కిక్కు కొట్టేవారు.

నేను పాలిటెక్నిక్ పూర్తిచేసి, గోళ్ళు గిల్లుకుంటూ ఇంట్లో కూర్చున్న రోజులవి. పనిలేనివాడికి సోకులెక్కువ. ఆటోనగర్లో తెలిసిన షెడ్డులో, చివర బాకాలా విచ్చుకున్న పొడుగాటి సైలెన్సర్ ఒకటి దొరికింది. ఆయన బస్సులో పెళ్ళికెళ్ళిన రోజు చూసి వాకిట్లో గోనెసంచి పరుచుకుని కూర్చున్నాను. పాతదాని బోల్టులు తుప్పుపట్టి ఒక పట్టాన కదల్లేదు. కిరసనాయిలు పోసి నానబెట్టి, స్పానరు మీద కాలేసి తొక్కితే వచ్చాయి. కొత్తదాని రంధ్రం బండి రంధ్రానికి కలవలేదు. ఇనప పట్టీ ఒకటి వంచి, బెజ్జం పెట్టి, తంటాలుపడి బిగించాను. స్టార్ట్ చేసేసరికి వీధి వీధంతా అదిరింది. సంబరంలో వేడి గొట్టానికి చెయ్యి తగిలి చురుక్కుమన్నా పట్టించుకోలేదు.

నాన్న వచ్చి చీవాట్లు పెడతారనే అనుకున్నాను. ఆయన కిక్కు కొట్టి, కాసేపు అలాగే నిలబడ్డారు. మొహం విప్పారింది.

"ఒరేయ్, ఇప్పుడు బాగుందిరా బండి!" అన్నారు.

మర్నాటి నుంచి ఆయన బండి నడిపే తీరే మారిపోయింది. ఎక్కడ మార్చాల్సిన గేరు అక్కడ మారుస్తున్నారు. ఈ వయసులో ఆయనకీ సోకు పుట్టిందనుకుని నేను మురిసిపోయాను. ఏం తెలివి! తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నెల తిరక్కుండానే ఎదురింటాయన గేటు దగ్గరికి వచ్చాడు. "మాస్టారండీ, మా అమ్మగారికి అసలే గుండెజబ్బు. ఆ చప్పుడికి అదిరిపడుతున్నారండీ. కాస్త చూడండి" అన్నాడు, పాపం మర్యాదగానే. నాన్న నవ్వుతూ, "ఆఁ, ఆఁ, మావాడే బిగించాడండీ" అని బండెక్కి వెళ్ళిపోయారు. అమ్మ లోపలికొచ్చి నామీద పడింది.

"చూశావా, వినిపించుకున్నారా? వీధిలో తలెత్తుకోలేకపోతున్నాను. నువ్వు తెచ్చిన తంటా, నువ్వే వదిలించు."

ఆదివారం మధ్యాహ్నం ఆయన వరండాలో నులకమంచం మీద పడుకున్నారు. నాలుగడుగుల దూరంలో నేను కొత్తది విప్పి పాతది బిగించాను. పట్టీ ఊడి రాకపోతే సుత్తితో ఠంగు ఠంగుమని కొట్టాను. ఆయన కదల్లేదు. మంచి నిద్రలో ఉన్నారనుకున్నాను.

సోమవారం బండి స్టార్ట్ చేసి, వంగి సైలెన్సర్ వంక చూసి వెళ్ళిపోయారు. ఎందుకు తీశావని అడుగుతారేమోనని సిద్ధం చేసుకున్న జవాబు నా దగ్గరే ఉండిపోయింది. గురువారం పొద్దున్న మాత్రం, "రారా, స్కూలు దాకా నాతో రా" అన్నారు. విసుక్కుంటూ వెనక కూర్చున్నాను. రామవరప్పాడు దాటాక తల సగం తిప్పి అడిగారు.

"గేరు మార్చాలంటావా?"

నాకు ఒళ్ళు మండింది. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. "ఇంజను చచ్చేలా అరుస్తోంది నాన్నా! వినపడట్లా?"

ఆయన బండి పక్కకి తీసి ఆపారు. దిగి, కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"వినపడట్లేదురా. ఆ కొత్తది ఉన్నప్పుడు వినపడేది."

ఇవాళే మళ్ళీ బిగిస్తానని గట్టిగా చెప్పాను, రెండుసార్లు చెప్పాను.

"వద్దులే. నా ఒక్కడి కోసం వీధి వీధినీ చెవిటివాళ్ళని చేస్తామా ఏంటి?" అని నవ్వారు. "ఎవరికీ చెప్పకు. మీ అమ్మక్కూడా. మాస్టారికి చెవుడని తెలిస్తే పిల్లలు ఆడుకుంటారు." తాళం చెవి నా చేతిలో పెట్టి వెనక కూర్చున్నారు.

మర్నాటి నుంచి బస్సే. నాకు మనసాగక, బండి తీసుకుని బస్టాపుకి వెళ్ళాను. ఆయన అటు తిరిగి నిలబడి ఉన్నారు. వెనకాలే ఆపి, "నాన్నా, నేను దింపుతాను రండి" అని పిలిచాను. హారన్ కూడా కొట్టాను. ఇటు తిరగలేదు. నేను స్టాండు వేసి దిగేలోపు బస్సొచ్చింది, ఎక్కేశారు. నామీద కోపంతో తిరగలేదని అనుకోగలిగితే, నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.