ఎర్రబడిన పసుపు గోడ

ఇటలీలో నేపుల్స్ దగ్గర అగ్నిపర్వతపు బూడిదలోంచి తవ్వి తీసిన ఆ రోమన్ ఇంట్లోకి అడుగుపెట్టేసరికే నాకు తల వేడెక్కి ఉంది. మండుటెండ, గంటన్నర క్యూ, గైడు మాటలు వినడానికి చెవిలో పెట్టుకున్న పరికరంలో ఒకటే గరగర. కూలిన ఇల్లు చూడటానికి ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి ఇంత దూరం రావాలా అని పైకే అన్నాను. సొంత ఇల్లు కాలిపోయినవాళ్ళకు పరాయి శిథిలాలు ఎందుకో నాకు అర్థం కాలేదు. యూనివర్సిటీలో చదివే మా అమ్మాయి, వాళ్ళమ్మకు కాస్త మార్పుగా ఉంటుందని పట్టుబట్టి మా ఇద్దర్నీ పంపించింది.

నేలంతా నల్లవీ తెల్లవీ చిన్న రాళ్ళు పొదిగి ముగ్గులా పరిచారు. గోడల నిండా పక్షులు, పళ్ళ బుట్టలు, సగం రాలిపోయిన మొహాలు. మా ఆవిడ అవేవీ చూడకుండా నడిచి వంటింట్లో ఆగింది. అక్కడ గోడలో చిన్న గూడు, దాని కింద రెండు పాముల బొమ్మలు ఉన్నాయి. ఇంటి దేవతలకు రోజూ ఇక్కడే దీపం పెట్టేవారని గైడు చెప్పింది. మా ఆవిడ చేతులు జోడించింది.

"వీళ్ళు కూడా దీపం వెలిగించి అలాగే వదిలేసి వెళ్ళుంటారండీ, నాలాగా," అంది.

ఆ మాట ఏడాదిన్నరగా వింటున్నాను. పెర్త్ శివారు పియారా వాటర్స్‌లోని మా ఇంట్లో, వంటసామాను పెట్టుకునే ప్యాంట్రీలోనే ఒక అర ఖాళీ చేసి దేవుణ్ణి పెట్టుకున్నాం. ఒక మధ్యాహ్నం మా ఆవిడ అక్కడ దీపం పెట్టి, పాలు తేవడానికి షాపుకు వెళ్ళింది. నేను ఆఫీసులో ఉన్నాను. లోపలి గదిలో మా అత్తగారు నిద్రపోతున్నారు. అంబులెన్స్ వచ్చేలోపే పొగకు ఊపిరాడక ఆమె పోయారు. మంట దీపం నుంచే మొదలైంది, నిజమే. కానీ స్మోక్ అలారం మోగి ఉంటే ఆమె లేచి వీధిలోకి వచ్చేంత వ్యవధి ఉంది.

అలారం ఎందుకు మోగలేదో నాకు తెలుసు. అంతకు ముందు వారమే ఇంట్లో హోమం చేయించాం. పొగకు అలారం మోగకుండా పెర్త్‌లో మనవాళ్ళందరూ చేసేదే నేనూ చేశాను. స్టూలెక్కి, హోటళ్ళ నుంచి తెచ్చి దాచుకున్న ప్లాస్టిక్ షవర్ క్యాపులు రెండు అలారాలకూ తొడిగాను. మర్నాడు "తీశారా?" అని మా ఆవిడ అడిగితే, ఫోన్‌లోంచి తలెత్తకుండానే "తీసేశా" అన్నాను. తర్వాత తీద్దామనుకుని మర్చిపోయాను. గనుల్లో సేఫ్టీ తనిఖీలు చేయడం నా ఉద్యోగం. చూడకుండా సంతకం పెట్టినవాళ్ళను నలుగురిలో నిలబెట్టి దులిపేసేవాణ్ణి.

పక్క గదిలో గైడు మమ్మల్ని ఒక ఎర్రటి గోడ ముందు నిలబెట్టింది. ఇది మొదట పసుపు రంగు గోడ అట. అగ్నిపర్వతం వేడికి ఇలా ఎర్రబడిపోయిందట. మా ఆవిడ గోడను వదిలేసి నా మొహం చూస్తూ ఉండిపోయింది.

"పాపం, వీళ్ళకి అలారాలవీ లేవు కదండీ," అంది.

అప్పుడే చెప్పేయాల్సింది. మాట నోటిదాకా వచ్చింది. ఆవిడ తల్లిని చంపింది ఆవిడ దీపం కాదని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. నేను పిరికివాణ్ణి. బస్సుకు టైమైంది పద అని విసుక్కుని ముందుకు నడిచాను.

ఈ ఏడాది అదే స్థలంలో ఇల్లు మళ్ళీ కట్టుకున్నాం. గృహప్రవేశం రోజు హోమానికి ముందు నేను స్టూలు తెస్తే, "మీరుండండి" అని మా ఆవిడే ఎక్కి అలారాలకు క్యాపులు తొడిగింది. హోమం అయి పొగ పోగానే, వచ్చినవాళ్ళు ఇంకా భోజనాలకు లేవకముందే, మళ్ళీ ఎక్కి రెండూ తీసింది. దిగి వాటిని నా చేతిలో పెట్టింది.

"అప్పుడు ఫైర్ ఆఫీసర్ నాకే చూపించాడండీ," అంది గొంతు పెంచకుండా. "అలారానికి అతుక్కుపోయిన ప్లాస్టిక్. రిమూవ్ చెయ్యడం నేనే మర్చిపోయానని చెప్పేశా. మీ అంతట మీరే చెప్తారని చూశాను. ఆ ఎర్ర గోడ దగ్గర కూడా చూశాను."