గ్రహాంతరవాసి నోట పెద్దనాన్న మాట

పగ పెట్టుకోవడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు, నాకు తప్ప. అమ్మ సాయంత్రానికల్లా మరిచిపోతుంది. నాన్నకు అసలు కోపమే రాదు. నేను మాత్రం పదేళ్లకు పైగా పెట్టుకున్నాను, అదీ సొంత పెద్దనాన్న మీద.

నాంపల్లిలో మాది ఒకే ఇల్లు, రెండు వాటాలు. ముందు వాటా పెద్దనాన్నది, వెనక వాటా మాది. టీవీ ముందు వాటాలోనే ఉండేది. తొంభైల మొదట్లో కేబుల్ వచ్చిన కొత్తలో ఆదివారం పొద్దున ఒక పాత ఇంగ్లీషు సీరియల్ వేసేవాళ్లు. రంగులు లేవు. వేరే గ్రహం నుంచి వచ్చిన ఒకాయన మనిషి వేషంలో, దూరపు చుట్టాన్నని చెప్పి ఒక సంసారంలో చేరతాడు. అందరికీ పాఠాలు చెబుతాడు, ఇక్కడి సంగతి ఒక్కటీ తెలియదు. అన్నం వదిలేసి గిన్నె కొరుక్కుతింటాడు. నాకప్పుడు పదేళ్లు, తెలుగు మీడియం. ఒక్క మాట అర్థమయ్యేది కాదు. అయినా గిన్నె తినేవాణ్ణి చూసి నవ్వడానికి ఇంగ్లీషెందుకు?

పెద్దనాన్నకు ఆఫీసులో ప్రమోషన్ వచ్చిందని ఒక ఆదివారం ఇంటినిండా చుట్టాలు చేరారు. నేను గడప దగ్గర కూర్చుని పడీ పడీ నవ్వాను. ఆయన టీవీ ఆపేశారు.

"ఇటు రా. ఏం సమజైందని నవ్వినవ్?"

లేచి నిలబడ్డాను.

"గాయన ఇప్పుడేమన్నడో తెలుగుల చెప్పు. అందరు వింటరు."

ఆరిపోయిన టీవీ వైపు చూశాను.

"సమజ్ గాకుండ నవ్వెటోళ్లను ఏమంటరో ఎరుకేనా? కోతులంటరు. సమజైందా, లేదా? సమజ్ గాకుంటే మల్ల చెప్త."

చుట్టాలంతా గొల్లుమన్నారు. పెద్దమ్మ కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నన్ను వెనక వాటాలోకి తరిమి మళ్లీ టీవీ పెట్టారు. ఆ 'సమజైందా, లేదా? సమజ్ గాకుంటే మల్ల చెప్త' అన్నది ఆయన ఊతపదం. కూరలో ఉప్పు గురించి మాట్లాడినా, దేశం గురించి మాట్లాడినా, చెవి తమ్మె లాక్కుంటూ దాంతోనే ముగించేవారు. ఆ రోజు గోడ ఇవతల నుంచి వాళ్ల నవ్వులు వింటూ గట్టిగా అనుకున్నాను: ఈయన్ని చూసి ఇంతకు పదింతల మంది నవ్వాలి, ఈయన నట్టనడుమ కూర్చుని అది వినాలి.

దానికోసమే ఇంగ్లీషు నేర్చుకున్నాను. చదువంటే ప్రేమ అని అందరూ మెచ్చుకున్నారు. ప్రేమా లేదు, పాడూ లేదు, కసి. ప్రతి ఆదివారం నాన్న నన్ను అబిడ్స్ తీసుకెళ్లి పేవ్‌మెంట్ మీది పాత పుస్తకాల్లోంచి ఒకటి ఏరి కొనిచ్చేవాడు. సాయంత్రాలు పక్కన కూర్చుని తనకొచ్చినంత చెప్పేవాడు. ఆయనది గుమాస్తా ఇంగ్లీషు. రెండు మూడేళ్లకు ఆయన్ని దాటిపోయాను.

డిగ్రీ అయ్యాక అబిడ్స్‌లోనే ఒక సందులో, మేడ మీద, ఇంగ్లీషు సినిమాలకు తెలుగు మాటలు రాసే ఒక పెద్దాయన దగ్గర చేరాను. వీడియోలో ఒక ముక్క చూడాలి, ఆపాలి, వెనక్కి తిప్పాలి. తెర మీద నటుడి పెదాలు మూసుకున్న చోట మన మాటలో ప, బ, మ ఏదో ఒకటి పడాలి. అంతే పని, కాని ప్రాణం తీస్తుంది. ఒకరోజు పెద్దాయన ఒక క్యాసెట్ నా ముందు పెట్టి, "పిల్లల సినిమా. నువ్వే రాసెయ్యమ్మా," అన్నారు. పెట్టి చూద్దును కదా, ఆ పాత సీరియల్నే రంగుల్లో, కొత్త నటులతో సినిమాగా తీశారు. గిన్నె తినే ఘట్టం కూడా ఉంది.

ఆ ముక్కను నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను, సంతోషంతో.

గ్రహాంతరవాసికి మొదటి నుంచి చివరి దాకా పెద్దనాన్న మాటలే రాశాను. "ఏలియన్ నాంపల్లి భాష మాట్లాడతాడా?" అని పెద్దాయన నొసలు చిట్లించారు గాని, రెండు పేజీలు చదివేసరికి నవ్వాపుకోలేక ఒప్పుకున్నారు. ఆ నటుడు పాఠం ముగించి పెదాలు బిగించినప్పుడల్లా 'సమజ్'లోని మ అతికినట్టు సరిపోయింది. గొంతు ఇచ్చేవాడికి దగ్గరుండి నేర్పాను, ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఆగి ఎదుటివాణ్ణి చూడాలో.

సినిమా అబిడ్స్‌లో ఆడిన మొదటి ఆదివారం, మాటలు నేనే రాశానని చెప్పి రెండు వాటాల వాళ్లనూ మ్యాట్నీకి తీసుకెళ్లాను. పెద్దనాన్నను వరస మధ్యలో కూర్చోబెట్టాను. ఆయనకు అటు పెద్దమ్మ, ఇటు నాన్న. నేను చివరి సీట్లో, ఆయన మొహం కనబడేట్టు కూర్చున్నాను.

మొదటిసారి "సమజైందా, లేదా?" అనగానే హాలు నవ్వింది. మూడోసారికి పిల్లలు ముందే అరవడం మొదలుపెట్టారు: "సమజ్ గాకుంటే మల్ల చెప్త!" అప్పుడు పెద్దనాన్న వైపు చూశాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వుతున్నారు. చెవి తమ్మె లాక్కుంటూ నవ్వుతున్నారు! ఈ మనిషికి అద్దం చూపిస్తే అందులో పక్కింటాయన కనబడతాడు కాబోలు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటర్వెల్‌లో పెద్దనాన్న సమోసా చేత్తో పట్టుకుని, అందరి ముందూ నాన్న భుజం చరిచారు.

"ఏందిర తమ్మీ, అచ్చం నువ్వే! నీ బిడ్డ నిన్నే దించింది పో!"

అందరూ నాన్న వైపు తిరిగారు. "ఔ, చిన్నాయిన గిట్లనే అంటడు!" అని పెద్దనాన్న కూతురు చప్పట్లు కొట్టింది. పెద్దమ్మ నవ్వింది, అమ్మ కూడా నవ్వేసింది. నాన్న నవ్వబోయి ఆగిపోయాడు. మిగతా సినిమా అంతా తెర వైపే చూశాడు గాని ఒక్కసారీ నవ్వలేదు.

వాళ్లంతా ఆటోలు ఎక్కారు. నాన్న నడుస్తానన్నాడు, నేనూ వెంట నడిచాను. నాంపల్లి స్టేషన్ దాకా వచ్చాం. అక్కడ ఆగి అడిగాడు.

"నీకు ఇంగ్లీషు చెప్పేటప్పుడు నేను గట్లనే అంటుంటి గద బిడ్డా?"

అనేవాడు. రోజూ అనేవాడు. సమజ్ కాలేదంటే నిజంగానే మళ్లీ చెప్పేవాడు, పదిసార్లైనా విసుక్కోకుండా. అన్నదమ్ములిద్దరిదీ ఒకే మాట. నాన్న నోట అది నాకెప్పుడూ ఊతపదంలా వినిపించలేదు.

"నువ్వు గాదు నాయినా. పెద్దనాయిన మీద రాసిన. ఒట్టు."

"అన్న నవ్విండు గద," అన్నాడు. నన్ను నమ్మలేదు.

పెద్దనాన్న మరుసటి వారం ఆఫీసు స్నేహితులతో ఇంకోసారి చూసొచ్చి, ఆ సినిమాలో ఉన్నది తన తమ్ముడేనని వాడంతా చెప్పుకున్నారు. ఆయన్ని నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు. ఆయన ఆ మాట బతికినంత కాలం అంటూనే ఉన్నారు. నాన్న మాత్రం మళ్లీ ఎన్నడూ అనలేదు. నేను గదిలోకి వస్తే మాట మధ్యలో ఆపి, ఒక్క క్షణం ఆలోచించుకుని, మళ్లీ మొదలుపెట్టేవాడు.