జీడిపిక్కల రీసెర్చి

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులు. ఏడో తరగతితో బడికి దండం పెట్టేసిన నేను, నర్సీపట్నంలో జీడిపిక్కలు కొట్టే మిషన్లు చేసేవాణ్ణి. వాటిని కొన్న మాకవరపాలెం జీడిపిక్కల షెడ్డు ఓనరు, అక్కడ పనిచేసే ఆడవాళ్లు వాటిని ముట్టడం లేదని వెనక్కిచ్చేస్తానన్నాడు.

అప్పట్లో నేను వెళ్తున్న డిజైన్ ట్రైనింగ్‌లో సారు, "అడగొద్దు, వాడేవాళ్లను మౌనంగా గమనించు" అన్నారు. షెడ్డులో ఓ మూల కూర్చుని, ఆడవాళ్ల చేతులే చూస్తూ నోట్సు రాశాను. గంటలో నన్ను చుట్టుముట్టారు.

"ఏట్రా, పొద్దుట్నుంచి మాకేసి గుడ్లప్పగించి సూస్తన్నావు?" అంటూ పెద్దామె అప్పలమ్మ చీపురెత్తింది.

"రీసెర్చి, అత్తా!"

"సూస్తే ఏటి తెలుస్తాది? బేగి కూకోని కొట్టు!"

నా మిషను మీద పది పిక్కలు కొట్టేసరికే భుజం పట్టేసింది. నేల మీద కూర్చునేవాళ్లకు, నేను నిలబడి కొలిచిన ఎత్తులో పిడి పెట్టాను మరి! దాన్ని జానెడు దించాక మిషన్లు అక్కడే ఉండిపోయాయి.

"చక్కగా గమనించావయ్యా!" అని సారు సర్టిఫికెట్టిచ్చారు. ఇప్పుడు ఏ మిషను చేసినా, ఎవరూ కూర్చోబెట్టకముందే నేనే దాని ముందు కూర్చుంటున్నాను.