మూడంకెలు కదపని తాళం

ఈమధ్య పేపర్లో చదివాను. కంప్యూటర్లలోకి దొంగలు ఎలా చొరబడతారో ముందే కనిపెట్టి చెప్పేవాళ్లకు కంపెనీలు పిలిచి ఉద్యోగాలిస్తాయట. ఎథికల్ హ్యాకర్లంటారట. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేనూ ఆ పనే చేశాను, తిరువూరులో ఒక పత్తి షావుకారు గోడౌను ముందు.

అక్కడ నేను కాటా గుమాస్తాని. షావుకారు బెజవాడ నుంచి ఇత్తడి తాళం తెచ్చాడు. దానికి తాళంచెవి ఉండదు. అంకెలున్న నాలుగు చక్రాలు తిప్పి నంబరు కుదిరిస్తే ఊడుతుంది. జ్యోతిష్కుడు చూసి చెప్పిన నంబరునే పెట్టించాడు. శుభమైన అంకెల్ని చెదరగొట్టకూడదని, తాళం వేసేటప్పుడు చివరి చక్రం ఒక్కటే తిప్పేవాడు. మిగతా మూడూ కుదిరే ఉండేవి.

వారం రోజులు చూసి, ఎవరూ లేనప్పుడు చెప్పాను. “నాలుగూ తిప్పండి షావుకారుగారూ. ఇలాగైతే పదిసార్లు తిప్పేలోపు ఎవడైనా తీస్తాడండి.”

మర్నాడు పెనుగొలను రైతులు పత్తి బళ్లతో వచ్చి ఉండగా నన్ను కేకేశాడు. “మన గుమాస్తా తాళాల ఇంజనీరయ్యాడు. తియ్యవయ్యా, చూద్దాం.”

వద్దన్నాను.

“ఏం, నోరొక్కటే పనిచేస్తుందా?”

అప్పుడు తీశాను. ఆరోసారికి ఊడింది.

ఒక రైతు పగలబడి నవ్వాడు. “దీనికంటే గడ్డితాడు కట్టుకోండి షావుకారుగారూ, చవక.”

ఆ నవ్వుకు మూల్యం నేను చెల్లించాను. షావుకారు తాళం వేసే పద్ధతి మార్చలేదు. నాకు టీ పంపడం మాత్రం మానేశాడు.

రెండు నెలలకు గోడౌన్లో ఆరు గోనె బోరేల పత్తి పోయింది. తాళం మీద గీతయినా లేదు. షావుకారు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. “ఇది తియ్యడం ఎవరికి తెలుసో అందరూ చూశారుగా.”

“చూసినవాళ్లందరికీ తెలుసు కదండీ,” అన్నాను.

“చూపించిందెవరు?” అన్నాడు ఒకాయన. గడ్డితాడు గురించి నవ్విన రైతే.

రుజువు లేదని వదిలేశారు. పని పోయింది, దొంగ అన్న పేరు ఉండిపోయింది. ఆ ఏడు బంధువుల పెళ్లికి పెనుగొలను వెళ్తే, నన్ను చూడగానే ఆ ఇంటావిడ గూట్లోని తాళాల గుత్తి తీసి బొడ్లో దోపుకుంది. అన్నం మాత్రం పెట్టింది. నేను తినకుండా లేచాను.

మరుసటి పత్తి కాలానికి నేను గంపలగూడెంలో ఒక కిరాణా కొట్లో పొట్లాలు కడుతున్నాను. అదే గోడౌన్లో మళ్లీ దొంగలు పడ్డారు. తాళం ఈసారీ విరగలేదు. షావుకారు బండివాడు నా దగ్గరికి వచ్చాడు.

“అయ్యగారు రమ్మంటున్నారు. పాత పనే ఇస్తారంట.”

“ఆ పెద్దమనుషుల్నే మళ్లీ కూర్చోబెట్టి, నేను దొంగను కానని చెప్పమను. వస్తాను.”

“అంత పట్టుదలెందుకయ్యా? పనిస్తానంటే చెప్పినట్టే కదా.”

“కాదు.”

మళ్లీ కబురు రాలేదు. షావుకారు పోయినప్పుడు ఊరంతా వెళ్లింది, నేను వెళ్లలేదు. ఆ రోజు కూర్చున్న పెద్దమనుషుల్లో ఇప్పుడు ఒక్కరూ లేరు, ఆ ఒక్క మాట చెప్పడానికి.