గద్ద నోరు విప్పిన రోజు

ఆ ఆదివారం విన్న మాటలు నేనిప్పటికీ మర్చిపోలేదు. ఛీ, ఏం నోళ్ళు అవి!

మా అక్క కూతురు ఇప్పుడో పెద్ద గోడౌనులో సూపర్‌వైజరు. వాకీటాకీలో ఒక్క మాటంటే లారీ డ్రైవర్లు కిక్కురుమనకుండా బండి వెనక్కి తీస్తారు. పదిహేడేళ్ళప్పుడు చూడాల్సింది దాన్ని! నోట్లో నాలుక లేని పిల్ల. కూరలో ఉప్పు లేకపోయినా అడక్కుండా తినేసేది. నేను వాళ్ళింట్లోనే, హాల్లో కుట్టుమిషను పెట్టుకుని ఉండేదాన్ని. అంతా నా కళ్ళముందే జరిగింది.

దాని తమ్ముడు ఏడాది చిన్న. పొద్దస్తమానం ఫోన్లో తుపాకుల ఆటే. ఐదుగురు కలిస్తే ఒక జట్టట. "నన్నూ చేర్చుకోరా" అని ఇది అడిగితే, "నీ మొహం, నీకేం వచ్చు? పోయి సీరియల్ చూసుకో" అన్నాడు వెధవ.  ఇది వాళ్ళమ్మ పాత ఫోన్లో 'గద్ద' అని పేరు పెట్టుకుని, మగపిల్లాడినని చెప్పి, వాడి జట్టులోనే చేరింది. మైకు పాడైందని అంతా టైపు చేసేది. ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు.

ఆటలో దీని బుర్ర పాదరసంలా పనిచేసేది. శత్రువు ఎటునుంచి వస్తాడో ముందే పసిగట్టి, ఎవరు ఎక్కడ నక్కాలో చెప్పేది. కొన్నాళ్ళకే కెప్టెన్ని చేశారు. తమ్ముడైతే కంచం ముందు కూడా "మా గద్దన్న దేవుడు బాబూ!" అంటూ ఒకటే భజన. ఇది తల వంచుకుని ముద్ద మింగేది గానీ ముఖం వెలిగిపోయేది.

"నా మాట నలుగురు వినడం ఇదే మొదటిసారి పిన్నీ," అంది ఒకసారి. "నా గొంతు వింటే తీసేస్తారేమో. అప్పుడు మళ్ళీ మామూలే."

పోటీలో ఆఖరాట ఆదివారం మధ్యాహ్నం. ఇది నా మిషను పక్కన నేలమీద కూర్చుంది, వాడు తలుపేసుకుని గదిలో ఉన్నాడు. సరిగ్గా వాడి వెనకే శత్రువు వచ్చాడు. టైపు చేసే వ్యవధి లేదు. ఇది మైకు నొక్కి అరిచేసింది.

"వెనక్కి తిరుగు! గోడ పక్కన!"

వాడు తిరిగాడు, బతికిపోయాడు. వెంటనే ఎవడో అన్నాడు, "ఒరేయ్, గద్ద ఆడదిరా!"

ఇక చూడాలి! దాని చెవిలోంచి ఇయర్‌ఫోను ఒకటి లాక్కుని నేనూ విన్నాను. థూ! అందులో ఒకడు మిగతావాళ్ళకంటే పచ్చిగా వాగుతున్నాడు. ఆ మాటలే, ఆ గొంతే, గది తలుపు అవతలనుంచి కూడా వినిపిస్తోంది. ఫోన్లో గరగరకి వాళ్ళక్క గొంతు పోల్చుకోలేదు వాడు. నిన్నటిదాకా దేవుడన్న మనిషిని, ఆడదని తెలియగానే, ఒళ్ళంతా ముక్కలు ముక్కలుగా వర్ణించాడు. నా నోటితో చెప్పలేను.

 ఇది లేచి వెళ్ళి తలుపు తోసింది. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

"ఇప్పుడను," అంది. "నన్ను చూసి అను."

వాడి చేతిలోంచి ఫోను జారిపోయింది, మళ్ళీ తీసి ఆడలేదు. ఇది మిగతా ముగ్గురితో అంది: "ఆట అవలేదు. నా మాట విననివాడు ఇప్పుడే పోవచ్చు." ఒక్కడూ పోలేదు. ఒకడు తక్కువయ్యాడు కదా, ఓడిపోయారు. అయినా కెప్టెన్ ఇదే.

బావ వచ్చి ఏమన్నాడో తెలుసా? "ఆటలో కుర్రాళ్ళు అలాగే మాట్లాడుకుంటారు, దీన్ని పెద్దది చెయ్యకండి" అన్నాడు. ఆ మనిషికి ఆ పూట కంచంలో అన్నం వడ్డించడానికి కూడా నాకు అసహ్యం వేసింది.

సాయంత్రం వాడు ముఖం వేలాడేసుకుని వాళ్ళక్క దగ్గరికొచ్చాడు.

"నువ్వని తెలీదక్కా. తెలిస్తే అలా అంటానా?"

"నేను కాకపోతే అనొచ్చా?"

   ఇది ఫోను తీసి, వాడు చూస్తుండగానే జట్టులోంచి వాడి పేరు తీసేసింది.