తెలీదు గారు

మా ప్రాజెక్టు పెద్దాయనకు ఏమీ తెలీదు. ఇది నేను వేస్తున్న నింద కాదు, పొద్దున లేచింది మొదలు ఆయన చెప్పుకునే మాటే. ప్రభుత్వ కంప్యూటర్ల శాఖలో జుట్టు తెల్లబడేదాకా పనిచేసిన మనిషి, లిఫ్టు ఎక్కి, "పైకెళ్లాలంటే ఏది నొక్కాలి బాబూ?" అని పక్కవాళ్లను అడుగుతారు. ఆయనకు 'తెలీదు గారు' అని పేరు పెట్టిందెవరో నాకు తెలీదు. చూశారా, అంటుకునే జబ్బిది.

వాళ్లావిడ ఒకసారి మా దగ్గర మొత్తుకున్నారు. "మందుల షాపుకు పంపితే, ఏ మాత్ర తిండికి ముందు, ఏది తర్వాత అని షాపతని చేత గొంతెత్తి చెప్పించుకుంటారమ్మా. ఏళ్ల తరబడి మింగుతున్న మాత్రలే! వెనకాల జనం నిలబడి ఉంటే మరీ రెచ్చిపోతారు."

"నిజంగా మర్చిపోతానే," అన్నారాయన, నిమ్మకు నీరెత్తినట్టు.

ఇక మా ప్రాజెక్టు. పింఛను తీసుకునేవాళ్లు ఏడాదికోసారి వచ్చి, తాము బతికే ఉన్నామని ప్రభుత్వానికి చెప్పుకోవాలి. చెప్పకపోతే పింఛను ఆగిపోతుంది. ఆ చెప్పడమేదో యంత్రానికి చెప్పుకునేలా చేయమన్నారు. ఒక్కొక్కరి పనీ రెండు నిమిషాల్లో అయిపోవాలని కార్యదర్శి గారి లక్ష్యం. మేం తెలివిగలవాళ్లం కదా, రెండు నిమిషాలు దాటగానే యంత్రం "ధన్యవాదాలు" అని తెర మూసేసేలా రాశాం. మూసినవన్నీ అయిపోయిన పనుల కింద లెక్కకొచ్చాయి. నివేదికలో గీతలన్నీ పచ్చగా కళకళలాడాయి. కార్యదర్శి గారు మురిసిపోయి సోమవారం ప్రారంభోత్సవం అన్నారు.

శుక్రవారానికల్లా పెద్దాయన సంతకం పడాలి. పడకపోతే ప్రాజెక్టు ఇంకో సంస్థకు పోతుంది, కాంట్రాక్టు మీదున్న మా ఉద్యోగాలన్నీ ఊడతాయి. నేను కాగితాలు ముందు పెట్టి కలం మూత కూడా తీసిచ్చాను.

"ఇది ఎలా వాడాలో నాకు తెలీదమ్మాయ్. ఎవరినైనా అడుగుదాం పద."

"సార్, కట్టింది మనమే!"

"అందుకే మనల్ని అడగకూడదు."

మొండికేస్తే ఆయన్ని కదిపేవాళ్లు లేరు. పళ్లు నూరుకుంటూ వెంట వెళ్లాను. యంత్రాన్ని ముందుగా పెట్టి చూస్తున్న కేంద్రంలో వరుస బాగానే ఉంది. ఈయనా అందులో నిలబడ్డారు. యంత్రం ముందుకు రాగానే మొదలెట్టారు.

"అమ్మా, వేలు ఇక్కడ పెట్టాలా? గట్టిగానా, మెల్లగానా? నంబరంటే ఏ నంబరు?"

అక్కడి ఉద్యోగిని ఓపిగ్గా చెబుతోంది. ఈయన వేలు పెట్టేలోగా యంత్రం "ధన్యవాదాలు" అంది. మళ్లీ మొదలెట్టారు. మళ్లీ ధన్యవాదాలు. వెనకనుంచి ఎవరో, "ఏం మనిషయ్యా, ఆమాత్రం తెలీదా?" అన్నారు.

"తెలీదండీ," అన్నారీయన, బహుమతి అందుకున్నంత ఆనందంగా.

నాకు తల కొట్టేసినట్టయింది. చెయ్యి పట్టి ఇవతలికి లాగబోతూ ఆయన వెనకున్న పెద్దమనిషిని చూశాను. ఇస్త్రీ చొక్కా, జేబులో కలం. ఉద్యోగిని చెప్పే ప్రతి మాటకూ ఆయన పెదవులు కదుపుతూ, గాల్లోనే వేలు ఆడించి చూసుకుంటున్నాడు. తన వంతు రాగానే ఒక్కటీ అడగకుండా వేలు పెట్టాడు. పింఛను నంబరు ఒక్కో అంకే వెతుక్కుంటూ సగం నొక్కేసరికి యంత్రం "ధన్యవాదాలు" అనేసింది. "సరే, పనైపోయినట్టుంది," అని గొణిగి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోబోయాడు.

పని కాలేదు. ఆయన పింఛను ఆగిపోతుంది. మా నివేదికలో మాత్రం ఇంకో పచ్చగీత పెరుగుతుంది. పెద్దాయన పరుగున వెళ్లి, "నాకూ అవలేదండీ, రండి, ఇద్దరం కలిసి గుమాస్తా కూర్చునే పాత కిటికీ దగ్గరకే పోదాం," అంటూ ఆయన్ని వెంటబెట్టుకుపోయారు.

తిరిగొచ్చాక అడిగాను. "సార్, మీకన్నీ తెలుసు కదూ?"

"కొన్ని తెలుసులే. ఆయన మాత్రం అడగలేడమ్మాయ్, సిగ్గు. నేనడిగితే జవాబు ఇద్దరికీ వినిపిస్తుంది. నాకు సిగ్గెప్పుడో పోయింది, మా ఆవిణ్ణి అడుగు."

సంతకం పెట్టలేదు. శుక్రవారం పొద్దున్నే ఒక యంత్రాన్ని కార్యదర్శి గారి గదిలోకి మోయించి, "నాకు తెలీడం లేదు సార్, మీరొకసారి చూపించండి," అన్నారు. కార్యదర్శి గారు కళ్లజోడు వెతికి, తుడిచి, పెట్టుకునేసరికి యంత్రం ఆయనకూ ధన్యవాదాలు చెప్పింది.

"ఇదెవరు చేసిన పనయ్యా?"

"మనమే సార్. మీ లక్ష్యం నెరవేరింది. మీ పని మాత్రం కాలేదు."

కార్యదర్శి గారు యంత్రాన్ని కొరకొరా చూశారు. చివరికి నెల గడువిచ్చి, ప్రాజెక్టు మా దగ్గరే ఉంచారు.

రెండు నిమిషాల గొడవ తీసేశాం. పని నిజంగా అయితేనే లెక్కలోకి వచ్చేలా మార్చాం. 'మళ్లీ చెప్పు' అని పెద్ద మీట పెట్టాం, ఎన్నిసార్లు నొక్కినా విసుక్కోకుండా యంత్రం మొదట్నుంచీ చెబుతుంది. ఏడాది తిరిగాక, అదెలా నడుస్తోందో చూడ్డానికి అదే కేంద్రానికి వెళ్లాం. ఆ ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఈసారి యంత్రంతోనే పని పూర్తిచేసుకుని ఇవతలికొస్తున్నాడు. వరుసలో మా పెద్దాయన్ని చూసి ఆగిపోయాడు.

"అయ్యో, మీకింకా అవలేదా? రండి రండి, నేను నేర్పిస్తాను. ఇందులో భయపడాల్సిందేం లేదు."

"అలాగా? వేలు ఎక్కడ పెట్టాలంటారు?" అన్నారు మా తెలీదు గారు, కళ్లు ఇంతింత చేసుకుని.

పెద్దమనిషి చొక్కా చేతులు పైకి మడిచి, కేంద్రమంతా వినపడేలా పాఠం మొదలెట్టాడు.